ఏడో మెట్టు

దాహం వేశాక బావి తవ్వుకోవడం పాతకాలపు తెలివితక్కువతనం. పొన్నాడపేట నగరపాలక సంస్థ ఆ దశ ఎప్పుడో దాటిపోయింది. అక్కడ దాహం వేసినవాడి పేరు ఇవాళ రాసుకుని, రేపు పొద్దున్నే చెరిపేసేవారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. ఉంటే ఆ మనిషినెవర్నో పట్టుకుని నాలుగు దులిపితే తీరిపోయేది. ఇది కేవలం పుస్తకం చూసి బుద్ధిగా పనిచెయ్యడం వల్ల వచ్చిన తంటా, అందుకే దానికి మందు లేకుండా పోయింది.

ఈ సంగతి ఉమాపతికి భార్య నోటి మీదుగా తెలిసింది. ఉమాపతి ఆ సంస్థ ప్రధాన కార్యాలయంలో మార్గదర్శక పుస్తకాల విభాగానికి సూపరింటెండెంటు. ఈ మధ్యే బదిలీ మీద ఆ కుర్చీలోకి వచ్చాడు. కాపురం మెరక వీధిలో. పేరుకు తగ్గట్టే అది మెరక. కొళాయి నీళ్లు ఆ ఎత్తు ఎక్కలేక సగంలోనే ఆయాసపడి ఆగిపోతాయి. ఎండాకాలం వస్తే వీధి వీధంతా ట్యాంకరు మీదే బతకాలి. ట్యాంకరు కావాలంటే వార్డు ఆఫీసుకు వెళ్లి ‘దాహార్తి’ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో పేరు రాయించుకోవాలి.

“ఏవండీ, మీ వాళ్లకి మతిమరుపు జబ్బేమన్నా ఉందా?” అంది హైమావతి, ఎండలోంచి వచ్చి చెంగుతో మొహం తుడుచుకుంటూ. “మొన్న రాయించాను, నిన్న రాయించాను. ఇవాళ వెళ్తే, ‘మీ పేరు లేదమ్మా, కొత్తగా రాయించుకోండి’ అంటుందా వార్డు ఆఫీసు ఝాన్సీ. నిన్న నా కళ్లముందే టకటకా కొట్టింది కదా! అది ఎటు పోయిందీ అంటే తెలీదుట.”

“కంప్యూటర్లన్నాక అలాగే...” అని ఉమాపతి నసిగాడు.

“అలాగే ఏంటండీ? ఎదురింటి రాజ్యం గారమ్మాయి పురిటికొచ్చి ఉందా లేదా? పసిగుడ్డు గుడ్డలు ఉతకడానికి నీళ్లు లేక, నేను మన తాగేనీళ్లలోంచి ఓ బిందె ఇచ్చొచ్చాను. రేపు మీకు కాఫీ కావాలంటే మీ ఆఫీసులోనే తాగండి.”

కాఫీ మీదికి వచ్చేసరికి ఉమాపతికి పరిస్థితి తీవ్రత అర్థమైంది. మర్నాడు ఆఫీసుకు పోకుండా తిన్నగా వార్డు ఆఫీసుకే పోయాడు.

ఝాన్సీ తలుపు తీసి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి, కంప్యూటరు వేసి, పక్కన ఓ పుస్తకం తెరిచింది. దాని అట్ట మీద ‘దాహార్తి స్థాపన మార్గదర్శిని’ అని బంగారు అక్షరాలు. ఒక్కో మెట్టూ పైకి చదువుతూ, చేస్తూ, పక్కన సంతకం పెడుతూ పోయింది. తెర మీద నిన్నటి పేర్లు బారుగా ఉన్నాయి. హైమావతి పేరు ఉమాపతి కళ్లారా చూశాడు. ఝాన్సీ ఏడో మెట్టు చదివింది: “డేటాబేస్‌ను కొత్తగా ఏర్పాటు చేయవలెను. పూర్వపుది ఏదైనా ఉన్నచో తొలగిపోవును.” చదివి, ఓ మీట నొక్కింది. తెర తెల్లబోయింది.

“అమ్మాయ్! ఏంటా పని?” అని ఉమాపతి కుర్చీలోంచి లేచిపోయాడు. “ఊరి పేర్లన్నీ పోయాయి!”

“రోజూ పోతాయి సార్,” అంది ఝాన్సీ తాపీగా. “ఏడో మెట్టు కదా. మీ విభాగం వేసిన పుస్తకమే.”

“స్థాపన అంటే ఒక్కసారి చేసేది. రోజూ ఎందుకు చేస్తున్నావమ్మా?”

ఝాన్సీ సొరుగులోంచి సర్క్యులర్ తీసి చూపించింది. ఎప్పుడో ఏదో వార్డులో ఎవరో ఓ మెట్టు మర్చిపోయారని ఆడిటువాళ్లు అభ్యంతరం రాశారు. దాంతో, ప్రతిరోజూ కార్యాలయం తెరవగానే మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా తు.చ. తప్పకుండా పాటించి సంతకం చేయవలెనని పైనుంచి ఆజ్ఞ దిగింది. ఆడిటువాళ్లు ఒక మెట్టు పోయిందన్నారు కాబట్టి మొత్తం మెట్లన్నీ రోజూ ఎక్కాలి. తర్కం అక్కడికి నిక్షేపంలా ఉంది.

పేర్లు చెరిగాక వార్డు ఆఫీసు ముందు లైను మొదలవుతుంది. ఆఫీసు పక్క సందులవాళ్లు ముందొచ్చి రాయించుకుంటారు, ఆ రోజు ట్యాంకర్లు వాళ్లతోనే సరిపోతాయి. మెరక వీధివాళ్లు రొప్పుకుంటూ దిగి వచ్చేసరికి చిట్టచివర ఉంటారు. రేపటికి ముందుకొస్తాంలే అనుకుంటే, రేపు అనేది మళ్లీ ఖాళీ తెరతోనే మొదలవుతుంది.

ఉమాపతి అక్కణ్ణించి కంప్యూటర్ విభాగానికి పరిగెత్తాడు. ఆ విభాగానికి పెద్ద శేషు. అతను విషయం విని నవ్వాడు.

“ఇడ్లీపిండి సంగతి తెలుసా అండీ మీకు? ఇంట్లో పప్పు నానబోసి రుబ్బుకునేవాడికి ముందు ఏం చెబుతాం? గిన్నె ఖాళీ చేసి శుభ్రంగా కడుక్కోమంటాం. ఆ పుస్తకం మేం మాకోసం రాసుకున్నది. ఈ సాఫ్ట్‌వేర్‌ని మేం ముక్కముక్కా కూర్చి సొంతంగా తయారుచేసుకున్నాం కాబట్టి, డేటాబేస్ కూడా మేమే పెట్టుకోవాలి. వార్డులవాళ్లకి ఇచ్చింది రెడీమేడ్ ప్యాకేజీ. అందులో డేటాబేస్ దానంతటదే వస్తుంది. బజారు నుంచి పిండి ప్యాకెట్టు తెచ్చి గిన్నెలో పోసుకున్నవాడు మళ్లీ గిన్నె కడిగితే ఏమవుతుంది? పిండి తూములోకి పోతుంది.”

“మరి ఆ ముక్క పుస్తకంలో రాయలేదేం?”

“మా గిన్నె కడుక్కోవడానికి మేం రాసుకున్నాం. మీ విభాగంవాళ్లు దానికి బంగారు అక్షరాలు అద్ది ఊరంతా పంచారు.”

ఉమాపతికి ప్రాణం లేచొచ్చింది. రోగం తెలిసింది, మందు ఒక్క వాక్యం. కూర్చుని రాసేశాడు: ‘రెడీమేడ్ ప్యాకేజీ పెట్టుకున్నవారు ఏడో మెట్టు చెయ్యకూడదు; సొంతంగా తయారుచేసుకున్నవారికే అది అవసరం.’ చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే వాక్యం. దాని దురదృష్టం కూడా అదే. అది పట్టుకుని అదనపు కమిషనర్ పాండురంగ విఠల్ గారి గదిలోకి వెళ్లాడు.

విఠల్ గారు ఆ వాక్యాన్ని కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు.

“స్పష్టత అనేది చాలా సున్నితమైన అంశం, ఉమాపతి గారూ,” అన్నారు. “ఒకచోట స్పష్టత ప్రసాదించామంటే, తక్కిన చోట్ల అది లోపించిందని సంస్థ అంగీకరించినట్టు అవుతుంది. పైగా ‘చెయ్యకూడదు’ ఏమిటండీ? ప్రభుత్వ భాషలో ‘చెయ్యకూడదు’ అనే మాట ప్రజలకు వర్తిస్తుంది. ఉద్యోగులకు ‘చేయుట ఆవశ్యకము కాకపోవచ్చును’ అనాలి. దీని మీద ఒక సంఘం వేద్దాం.”

వేశారు. స్పష్టీకరణ సంఘం. దానికి విఠల్ గారు అధ్యక్షులు, వార్డు అధికారులు సభ్యులు, ఉమాపతి కన్వీనరు. కన్వీనరు అంటే టీలు చెప్పేవాడు.

మొదటి సమావేశంలో తేలవలసింది ఒకటే: ఏ వార్డులో సొంతంగా తయారుచేసుకున్న సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ వార్డులో రెడీమేడ్ ఉంది? అన్నిచోట్లా రెడీమేడే అని శేషు చెప్పాడు. కానీ సంఘం అన్నాక ఒకరు చెబితే నమ్మదు. ప్రతి వార్డు అధికారీ స్వయంగా ప్రకటించాలి. అదృష్టం బాగాలేక అప్పుడే ఊళ్లో ‘స్వావలంబన పక్షోత్సవాలు’ జరుగుతున్నాయి. గోడల నిండా ‘మనది మనమే చేసుకుందాం’ అని నినాదాలు. ఆఫీసులో కొన్న బిస్కెట్లు పెట్టడం మానేసి, ఇంటినుంచి తెచ్చిన జంతికలు పెడుతున్నారు. అలాంటి గాలిలో ‘మాది రెడీమేడ్’ అని లేచి నిలబడే మొనగాడెవడు?

“మా వార్డులో సొంతమేనండీ,” అన్నాడు మొదటాయన గుండె మీద చెయ్యేసుకుని.

“మాదీ సొంతమే. రాత్రింబవళ్లు కష్టపడి చేసుకున్నాం,” అన్నాడు రెండో ఆయన. ఆయన కంప్యూటరు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.

మెరక వీధి వార్డు అధికారి వంతు వచ్చింది. ఉమాపతి ఆయన మోచేతి మీద గోకి, “నిజం చెప్పండి బాబూ, మా వీధి మీ పుణ్యం,” అని గొణిగాడు. ఆయన అంతకన్నా చిన్నగా, “ప్రమోషన్ ఫైలు కదులుతోందండీ, ఈ సమయంలో రెడీమేడ్ అని ఎలా రాయమంటారు?” అని, లేచి గట్టిగా, “సొంతమే! దానికి తోడు పనస తొనలతో ప్రసాదం కూడా సొంతంగా చేశాం!” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మొత్తానికి ఊళ్లో రెడీమేడ్ అన్నదే లేదని తీర్మానం అయింది. కాబట్టి స్పష్టీకరణ ఎవరికీ అవసరం లేదు.

ఉమాపతి పట్టు వదల్లేదు. ఇంటికెళ్తే హైమావతి మొహం చూడాలి కదా. చివరికి కమిషనర్ చక్రధర్ గారి ముందు ఒక ప్రదర్శన ఇవ్వడానికి ఒప్పించాడు. సాఫ్ట్‌వేర్ అంటే పెద్దలకు నిద్రొస్తుంది కాబట్టి, శేషు చెప్పిన ఇడ్లీపిండి పోలికనే కళ్లకు కట్టినట్టు చూపిద్దామన్నాడు. కమిషనర్ గారికి ఇడ్లీ అంటే ప్రాణం. వెంటనే సమ్మతించారు.

కేంటీన్‌లో సభ తీరింది. గోడకు బ్యానరు కట్టారు. ఓ పక్క ఇంట్లో రుబ్బిన పిండికి ఖాళీ గిన్నె, ఓ పక్క ప్యాకెట్టు పిండి పోసిన గిన్నె పెట్టారు. వంటమనిషి సింహాచలాన్ని తలపాగా పెట్టి నిలబెట్టారు. పక్కన విఠల్ గారు మార్గదర్శిని పట్టుకుని గంభీరంగా మెట్లు చదువుతున్నారు.

“ఏడో మెట్టు! గిన్నె ఖాళీ చేసి, కడిగి సిద్ధము చేయవలెను!”

సింహాచలం ఖాళీ గిన్నె కడిగాడు. ప్యాకెట్టు పిండి గిన్నె దగ్గరకొచ్చి ఆగిపోయాడు. “ఇందులో పిండుందండి బాబూ. ఒంపెయ్యమంటారా? నా చేత్తో నేను ఒంపలేను, అన్నపూర్ణతో ఆటలేటండీ?”

“పుస్తకంలో ఉంది. ఒంపు,” అన్నారు విఠల్ గారు.

ఒంపాడు. పిండి తూములోకి పోయింది. ఉమాపతి సంతోషంగా కమిషనర్ గారి వంక చూశాడు. ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడు ఆపేస్తారు, అర్థం చేసుకుంటారు, వాక్యం పాసైపోతుంది అనుకున్నాడు. కానీ ఇంకా మెట్లు మిగిలి ఉన్నాయి. విఠల్ గారు చదువుతూనే ఉన్నారు. ఓ పక్క రుబ్బిన పిండి పోసిన రేకులూ, ఓ పక్క ఖాళీ ఇడ్లీరేకులూ పొయ్యి మీదికెక్కాయి. ఆవిరి వచ్చింది. మూత తీశారు. ఖాళీ రేకుల్లోంచి ఖాళీని జాగ్రత్తగా ప్లేటులోకి తీసి, పక్కన చట్నీ వేసి, కమిషనర్ గారి ముందు పెట్టారు.

చక్రధర్ గారు ఆ ప్లేటు వంక చాలాసేపు చూశారు. సభంతా ఆయన్ని చూసింది. ఆయన చట్నీ కాస్త వేలితో నాకి, “బావుంది. తేలిగ్గా ఉంది,” అన్నారు. తర్వాత ఇంటి పిండి ఇడ్లీలు ఓ అరడజను లాగించి చెయ్యి కడుక్కున్నారు. మినిట్స్‌లో ఇలా రాశారు: ‘ప్రదర్శన విజయవంతము. ఉభయ విధానములయందును వడ్డన నిర్విఘ్నముగా జరిగినది. ఎట్టి ఫిర్యాదులును అందలేదు.’

సింహాచలం మాత్రం తలపాగా విప్పి భుజాన వేసుకుంటూ, “పిండి డబ్బులు ఎవరిస్తారండి?” అని అడిగాడు. ఆ ప్రశ్న సంఘం పరిధిలోకి రాదన్నారు.

ఆ సాయంత్రమే కమిషనర్ గారు ఉమాపతిని తన గదికి పిలిపించి కూర్చోమన్నారు. కుర్చీ చూపించడం ఆయన అలవాటు కాదు, ఉమాపతికి భయమేసింది.

“మీ తపన నాకు నచ్చింది,” అన్నారు చక్రధర్ గారు. “కానీ అటు చూడండి.”

గోడ మీద పెద్ద తెర. అందులో ఊరి పటం, మీద ‘నిన్నటి నీటి అభ్యర్థనల పెండింగు’ అని రాసి, కింద పచ్చరంగులో ఓ గుండ్రటి సున్నా.

“రాష్ట్రం మొత్తం మీద నిన్నటి పెండింగు సున్నా ఉన్నది మనకొక్కరికే. పక్క జిల్లాలవాళ్లు కుళ్లి చస్తున్నారు. వచ్చే వారం రాజధాని నుంచి బృందం వస్తోంది, షీల్డు ఇవ్వడానికి. ఏ రోజు అభ్యర్థన ఆ రోజే పరిష్కారం. ఎలా సాధించారని అందరూ అడుగుతున్నారు.”

“పరిష్కారం కాదండీ, చెరిపెయ్యడం అండీ అది!” అన్నాడు ఉమాపతి.

“రెండింటికీ ఫలితం ఒకటే కదా,” అన్నారు కమిషనర్ గారు మెత్తగా. “అయినా మీ కోరిక కాదనను. విఠల్ గారు స్పష్టీకరణ తయారుచేశారు. అచ్చు వేయించండి.”

ఆ స్పష్టీకరణ ఇలా ఉంది: ‘స్వయంసిద్ధ స్థాపనదారులును, సిద్ధస్థాపనదారులును, తమ తమ స్థాపనా స్వభావమును అనుసరించి, ఏడవ సోపానమును యథోచితముగా ఆచరించుటయో లేక ఆచరించిన పిదప ఆచరింపనట్లు భావించుటయో చేయవలెను.’ ఉమాపతి అది నాలుగుసార్లు చదివాడు. నాలుగోసారికి తన పేరు కూడా అనుమానంగా తోచింది.

ఇంటికెళ్లేసరికి హైమావతి వాకిట్లోనే ఉంది. ఎదురింటి రాజ్యం గారు మెట్ల మీద కూర్చుని కళ్లొత్తుకుంటున్నారు. పసిదానికి ఒళ్లంతా చెమటకాయలు పేలాయి. రోజూ రెండు పూటలా స్నానం చేయించమన్నారు డాక్టరు. చేయించడానికి నీళ్లేవీ? మినరల్ వాటర్ డబ్బాలు కొని పోస్తున్నారు.

“అన్నయ్యగారూ, మీరు ఆ ఆఫీసులోనే ఉన్నారు కదా. పేర్లు ఎందుకు నిలవట్లేదో ఒక్కసారి కనుక్కోకూడదూ?” అంది రాజ్యం.

కనుక్కున్నానని, ఎందుకో కూడా తెలుసునని, మందు జేబులోనే ఉందని ఉమాపతి చెప్పలేకపోయాడు. జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. కోపం కూడా వచ్చింది. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో ఇదే మొదటిసారి కావడంతో, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మర్నాడు తిన్నగా ప్రెస్సుకు తీసుకెళ్లాడు. విఠల్ గారి వాక్యం పక్కన పెట్టి, తన మొదటి వాక్యాన్నే అచ్చుకిచ్చాడు. కాగితాలు ఆ పూటే అన్ని వార్డులకూ చేరాయి.

మర్నాడు ఝాన్సీ పుస్తకం తెరిచి, కొత్త కాగితం చదివి, “హమ్మయ్య,” అని ఏడో మెట్టు వదిలేసింది. తెర మీద పేర్లు చెక్కుచెదరలేదు. నిన్న చివర్న ఉన్నవాళ్లు ఇవాళ ముందుకొచ్చారు. మధ్యాహ్నానికల్లా మెరక వీధిలోకి ట్యాంకరు మూలుగుతూ ఎక్కింది. బిందెలు, బకెట్లు, అంట్ల తప్పేలాలు, పెళ్లినాటి గంగాళాలు అన్నీ బయటికొచ్చాయి. రాజ్యం మనవరాలిని కాళ్ల మీద వేసుకుని నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్లు పోసింది. అది కెవ్వుమని ఏడ్చి, తర్వాత హాయిగా నిద్రపోయింది. ఆ పూట హైమావతి కాఫీ రెండుసార్లు ఇచ్చింది.

ప్రధాన కార్యాలయంలో మాత్రం కొంప మునిగింది. కమిషనర్ గారి గోడ మీది పచ్చ సున్నా పోయి, ఎర్రటి పెద్ద అంకె వచ్చింది. మర్నాటికి అది ఇంకా ఉబ్బింది.

“నిన్నటిదాకా ఒక్కడూ లేడు! ఒక్కసారిగా ఇంతమందికి దాహం ఎలా వేసింది?” అని చక్రధర్ గారు కేకలు పెట్టారు.

అత్యవసర సమావేశం పెట్టారు. ఆరోగ్యాధికారి వచ్చి, వార్డులవారీగా పటం చూసి, వ్యాప్తి తీరు చూస్తే ఇది అంటువ్యాధిలా ఉందన్నాడు. దాహం మెరక వీధిలో పుట్టి పల్లానికి పాకిందని తేల్చాడు. దాహం వేసినవాళ్లను వేయనివాళ్ల నుంచి వేరుచేసి ఉంచాలని, రోగులకు నీళ్లు చూపిస్తే లక్షణాలు ముదురుతాయి కాబట్టి ట్యాంకర్లు వెంటనే ఆపాలని సిఫారసు చేశాడు. ట్యాంకర్లు ఆపేశారు. అంకె రెట్టింపైంది. దాంతో ఆయన రోగనిర్ధారణ సరైనదేనని రుజువైంది.

మూలకారణం వెతగ్గా వెతగ్గా ఉమాపతి వాక్యం దొరికింది. రాజధాని బృందం ఇంకా ఒక్క రోజులో వస్తుందనగా రెండు కాగితాలు బయల్దేరాయి. ఒకటి వార్డులకు: సదరు వాక్యము రద్దు, ఏడో మెట్టు యథాతథము. రెండోది ఉమాపతికి: అనధికార వాక్యము ద్వారా పట్టణమున దాహము సృష్టించిన నేరమునకు సంజాయిషీ.

విచారణ మర్నాడు పొద్దున్న కమిషనర్ గారి గదిలోనే జరిగింది. ఉమాపతి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు.

“ఒక్క వాక్యంతో వేలమందికి దాహం వేయించారు. ఏమంటారు?” అన్నారు చక్రధర్ గారు.

“వాళ్లకి ముందునుంచీ దాహంగానే ఉందండీ. మనం పేర్లు చెరిపేస్తున్నాం కాబట్టి తెలియలేదు,” అన్నాడు ఉమాపతి. “మా ఎదురింట్లో పసిపిల్ల ఉందండీ. అది మీ సున్నాలో ఎక్కడుందో చూపించండి.”

“ఆధారం ఉందా?”

“డేటాబేస్‌లో ఉందండీ. ఎవరెవరు ఏ రోజు రాయించుకున్నారో అన్నీ ఉన్నాయి. శేషుగారిని తెరిచి చూపించమనండి.”

శేషు తెరిచాడు. అప్పటికి పది దాటింది. అన్ని వార్డుల్లోనూ ఆఫీసులు తెరిచి, మార్గదర్శిని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా తు.చ. తప్పకుండా పాటించి, సంతకాలు పెట్టేసి ఉన్నారు. తెర మీద ఒక్క పేరు లేదు. గోడ మీద సున్నా పచ్చగా మెరుస్తోంది.

విఠల్ గారు గొంతు సవరించుకున్నారు.

“సార్, ఇక్కడ ఒక న్యాయసూక్ష్మం ఉంది. రికార్డు ప్రకారం పట్టణంలో ఎవరికీ దాహం వేయలేదు. వేయని దాహాన్ని ఈయన సృష్టించారనడం చెల్లదు. నేరానికి ఆధారం లేదు.”

కమిషనర్ గారి మొహం విప్పారింది. “నిజమే సుమండీ! అభియోగం కొట్టేస్తున్నాం. ఉమాపతి గారూ, మనసులో ఏమీ పెట్టుకోకండి. మధ్యాహ్నం షీల్డు పుచ్చుకునేటప్పుడు వేదిక మీద మీరూ ఉండాలి. మార్గదర్శిని మీ విభాగానిదే కదా.”

ఉన్నాడు. శాలువా కప్పారు. ఫోటోలో నవ్వమంటే నవ్వాడు కూడా. రాజధాని నుంచి వచ్చినాయన మార్గదర్శినిని కళ్లకద్దుకుని, రాష్ట్రమంతా ఇదే పుస్తకం అమలుచేస్తామని ప్రకటించాడు.

శాలువా చంకలో పెట్టుకుని మెరక వీధి ఎక్కి వచ్చేసరికి హైమావతి గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఉద్యోగం ఉందో ఊడిందో అని పొద్దుటినుంచీ ఆవిడ ఏమీ తినలేదు.

“ఏమన్నారండీ?”

“ఏమీ జరగలేదుట,” అన్నాడు ఉమాపతి అరుగు మీద కూలబడుతూ. “నేను తప్పు చెయ్యలేదుట. ఎవరికీ నీళ్లు అక్కర్లేదుట. అంతా రికార్డులో ఉందిట.”

ఎదురింట్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. హైమావతి అటు ఒకసారి, మొగుడి చంకలోని శాలువా వంక ఒకసారి చూసింది.

“అయితే వెళ్లి ఆ మాట దానికి చెప్పిరండి,” అంది. “దానికింకా చదవడం రాదు.”